విలియం గోల్డింగ్: బడిపంతులు, నవలాకారుడు – తరచుగా అడిగే ప్రశ్నలు

దీవిలో చిక్కుకున్న మగపిల్లలు మెల్లగా క్రూరంగా మారిపోయే కథ, విలియం గోల్డింగ్ మొదటి నవల ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’. ఇంగ్లీష్ సాహిత్యం చెప్పేవాళ్ళకు దాన్ని మొదలుపెట్టిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. పరీక్ష కోసం చదివినవాళ్ళు కొన్ని అడుగుతారు, సినిమా చూసొచ్చినవాళ్ళు కొన్ని అడుగుతారు. ఆ రచయిత ఎలా బతికాడు, ఏం తిని ఏం చేసి ఆ పుస్తకం రాశాడు అని అడిగేవాళ్ళు తక్కువే. నాకు ఆ తక్కువమంది ప్రశ్నలంటేనే ఇష్టం. అందుకే అటువైపు కాస్త ఎక్కువ రాశాను.

అసలు ఎవరీ గోల్డింగ్?

ఇంగ్లండ్ నవలాకారుడు. 1911లో పుట్టాడు, 1993లో పోయాడు. 1980లో బుకర్ ప్రైజ్, 1983లో నోబెల్ వచ్చాయి. ఇవన్నీ తర్వాతి సంగతులు. యాభై ఏళ్ళు దగ్గరపడేదాకా ఆయనకు తిండి పెట్టింది కలం కాదు, చాక్‌పీసు. మొదటి నవల అచ్చయిన రోజుకి ఆయనకు 43 ఏళ్ళు నిండడానికి ఇంకా రెండు రోజులుంది.

ఎక్కడ పుట్టాడు? ఎలాంటి ఇల్లు?

1911 సెప్టెంబరు 19న, కార్న్‌వాల్‌లోని న్యూక్వే దగ్గర, అమ్మమ్మగారింట్లో పుట్టాడు. పురుడు పుట్టింట్లో పోసుకోవడం మనకొక్కళ్ళకే ఉన్న ఆచారం కాదన్నమాట. పెరిగింది మాత్రం విల్ట్‌షైర్‌లోని మార్ల్‌బరో అనే చిన్న ఊళ్ళో. నాన్న అలెక్ అక్కడి గ్రామర్ స్కూల్లో సైన్సు మాస్టారు. దేవుడూ లేడు, దెయ్యమూ లేదు, అన్నిటికీ కారణం ఉంటుంది అనే మనిషి. అమ్మ మిల్డ్రెడ్ ఆడవాళ్ళకు ఓటుహక్కు కావాలని పోరాడినవాళ్ళలో ఒకరు.

వాళ్ళ ఇల్లు చర్చి శ్మశానాన్ని ఆనుకుని ఉండేది. పగలంతా నాన్న చెప్పే సైన్సు, రాత్రయితే గోడవతల సమాధులు. ఆ భయం గురించి గోల్డింగ్ పెద్దయ్యాక ఒక వ్యాసమే రాశాడు. నాన్న లెక్కలోకి రానిది ఏదో లోకంలో ఉందన్న అనుమానం ఆయన నవలలన్నిటి అడుగునా కనిపిస్తుంది. నన్నడిగితే ఆ బీజం అక్కడే పడింది.

ఇంకో సంగతి. అదే ఊళ్ళో మార్ల్‌బరో కాలేజ్ అని డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే పెద్ద బోర్డింగ్ స్కూలు ఉంది. తన తండ్రిది మామూలు పిల్లల బడి. వాళ్ళు వేరు, మేము వేరు అన్న మంట గోల్డింగ్‌కు నోబెల్ వచ్చాక కూడా చల్లారలేదు.

సైన్సు చదివి ఇంగ్లీష్ టీచర్ ఎలా అయ్యాడు?

నాన్న కోరిక మీద 1930లో ఆక్స్‌ఫర్డ్‌లోని బ్రేజ్‌నోస్ కాలేజీలో సైన్సులో చేరాడు. రెండేళ్ళు గడిచాక ఇక నావల్ల కాదని ఇంగ్లీష్ సాహిత్యానికి మారిపోయాడు. 1934లో డిగ్రీ చేతికొచ్చింది, అదే ఏడాది ఒక చిన్న కవితల పుస్తకం కూడా వచ్చింది. ఆ కవితల పేరెత్తితే తర్వాత ఆయనే సిగ్గుపడేవాడు.

చదువు ముగిసే వేళ ఉద్యోగాల కోసం ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఆయన గురించి రాసుకున్న మాటలు చాలా ఏళ్ళ తర్వాత బయటపడ్డాయి. పూర్తిగా జెంటిల్‌మన్ కాదు, పై అరలో పెట్టదగ్గ సరుకు కాదు అన్నది వాటి సారాంశం. ఆయన జీవితచరిత్ర రాసిన జాన్ కేరీ ఈ చీటీల సంగతి వెలికి తీశాడు. పైన చెప్పిన మంట ఊరికే రాలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

కొన్నాళ్ళు లండన్‌లో చిన్న నాటకశాలల చుట్టూ తిరిగాడు. తర్వాత లండన్‌లోనే స్ట్రెతమ్‌లో, రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్వవేత్త పద్ధతిలో నడిచే ఒక బడిలో, 1938 నుంచి మెయిడ్‌స్టన్ గ్రామర్ స్కూల్లో పనిచేశాడు. అక్కడ ఉన్నప్పుడే ఆన్ బ్రుక్‌ఫీల్డ్ పరిచయమైంది. ఆమె కెమిస్ట్రీ చదివిన మనిషి. 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన నెలలోనే, పెళ్ళి చేసుకున్నారు. 1940లో సాలిస్‌బరీలోని బిషప్ వర్డ్స్‌వర్త్స్ స్కూల్లో చేరాడు. మధ్యలో యుద్ధానికి వెళ్ళి వచ్చి, 1961 దాకా అక్కడే.

మంచి టీచరేనా?

మంచి టీచరేగానీ మనసు పెట్టిన టీచర్ కాదు. పాఠం చెప్పడం ఆయనకు జీతం కోసం చేసే పని. గడ్డం పెంచుకుని, బట్టలు ఎలా పడితే అలా వేసుకుని వచ్చేవాడు కాబట్టి పిల్లలు ‘స్క్రఫ్’ అని పేరు పెట్టారు. మన బళ్ళలో అయితే ‘చింపిరి మాస్టారు’ అయ్యుండేవాడు. నాటకాలు వేయించేవాడు, పాట కచేరీల్లో ఉండేవాడు, పియానో వాయించేవాడు. గ్రీకు భాష సొంతంగా నేర్చుకున్నాడు. పిల్లలకు ఏదో ఒక పని అప్పజెప్పి, బల్ల దగ్గర కూర్చుని బడి నోటుపుస్తకంలో తన నవల రాసుకునేవాడు. ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ తొలి ప్రతి ఉన్నది బడివాళ్ళిచ్చే అలాంటి నోటుపుస్తకాల్లోనే.

ఇది చదివి ఏ హెడ్మాస్టరైనా పళ్ళు కొరుకుతాడు. నేనూ పాఠాలు చెప్పుకునే మనిషినే కాబట్టి నాకూ చిరాకేసింది. కానీ ఆయన చూపు నోటుపుస్తకం మీదే లేదు, ఎదుటి బెంచీల మీద కూడా ఉంది. ఎవడు ఎవణ్ణి ఏడిపిస్తున్నాడు, ఎవడు గట్టిగా అరిస్తే మిగతావాళ్ళు తలవంచుతున్నారు, లావుపాటి వాణ్ణి ఏమని పిలుస్తున్నారు, ఇవన్నీ రోజూ కళ్ళముందు జరుగుతున్నవే. కేరీ ఒక సంగతి చెప్తాడు. సాలిస్‌బరీ దగ్గర ఫిగ్స్‌బరీ రింగ్ అనే పురాతన మట్టికోట ఉంది. గోల్డింగ్ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి రెండు జట్లు చేసి, ఒక జట్టును కోట కాపాడమని, రెండోదాన్ని దాడి చేయమని చెప్పి, తాను పక్కన నిలబడి చూశాడట. కాస్త వదిలేస్తే పిల్లలు ఎంతదూరం వెళ్తారో తెలుసుకోవాలని ఆయన సరదా. ఆ నవల దీవిలో పుట్టలేదు, క్లాసురూములో పుట్టింది.

యుద్ధంలో ఏం చేశాడు?

1940 చివర్లో మామూలు నావికుడిగా రాయల్ నేవీలో చేరాడు. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను వేటాడిన దళంలో ఉన్నాడు. పేలుడు పదార్థాల పరిశోధన చేసే చోట కొన్నాళ్ళు పనిచేసి, అక్కడ ప్రమాదంలో గాయపడ్డాడు. 1944 జూన్‌లో నార్మండీ దాడినాటికి, తీరం మీదికి రాకెట్లు వదిలే పడవకు కమాండర్. అదే ఏడాది నవంబరులో హాలండ్‌లోని వాల్‌ఖరెన్ దీవి మీద దాడి జరిగింది. పక్కన సాగుతున్న పడవలు ఒక్కొక్కటే మునిగిపోతుంటే చూశాడు.

యుద్ధానికి ముందు, సమాజం బాగుపడితే మనిషి బాగుపడతాడని నమ్మినవాడు. తిరిగొచ్చాక ఆ నమ్మకం లేదు. తేనెటీగ తేనె చేసినట్టే మనిషి చెడును తయారు చేస్తాడు, ఆ ఏళ్ళు చూసి కూడా ఇది అర్థం కానివాడు గుడ్డివాడైనా అయ్యుండాలి, మతి చెడినవాడైనా అయ్యుండాలి అని ఒక వ్యాసంలో రాశాడు. జర్మన్లు చెడ్డవాళ్ళు, మేం మంచివాళ్ళం అని ఊరుకోలేదు. నాజీలను అర్థం చేసుకోగలను, నా స్వభావమూ అలాంటిదే అన్నాడు. గెలిచిన దేశంలో కూర్చుని ఈ మాట అనడం తేలిక కాదు.

ఆ నవల ఆలోచన ఎలా వచ్చింది?

ఇంట్లో పిల్లలకు రాత్రిపూట దీవుల సాహసకథలు చదివి వినిపించేవాడు. ఆ రోజుల్లో ఇంగ్లీష్ పిల్లలందరికీ తెలిసిన పుస్తకం బాలంటైన్ రాసిన ‘ది కోరల్ ఐలండ్’, 1857 నాటిది. అందులో రాల్ఫ్, జాక్, పీటర్‌కిన్ అనే ముగ్గురు బుద్ధిమంతులు దీవిలో చిక్కుకుని, హాయిగా, ధైర్యంగా బతికేస్తారు. చెడంతా బయటినుంచి వస్తుంది, వీళ్ళు మాత్రం కడిగిన ముత్యాలు.

ఒక రాత్రి చదవడం ముగించాక గోల్డింగ్ ఆన్‌తో, “పిల్లలు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో అలాగే చూపిస్తూ దీవి కథ ఒకటి రాస్తే ఎలా ఉంటుందంటావ్?” అన్నాడు. “బ్రహ్మాండమైన ఆలోచన. నువ్వే రాయి” అందామె. ఆయన నవలలోనూ రాల్ఫ్ ఉన్నాడు, జాక్ ఉన్నాడు. పేర్లు అవే, పిల్లలు మాత్రం తన బెంచీల్లో కూర్చునేవాళ్ళు.

పబ్లిషర్లు తిప్పి పంపారంటారు, నిజమేనా?

నిజమే, ఒకరిద్దరు కాదు. 1953 సెప్టెంబరులో ఫేబర్ అండ్ ఫేబర్‌కు చేరేసరికి ఆ టైపు ప్రతి చాలా ఆఫీసులు తిరిగి అంచులు మడతలుపడి, కాగితం పసుపెక్కి ఉంది. చూడగానే తెలిసిపోతుంది, దీన్ని అందరూ వద్దన్నారని.

ఫేబర్‌లో రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పే ఆవిడ దాని మీద నాలుగు ముక్కలు గీకింది. అణుబాంబు, న్యూగినీ దగ్గర అడవిలో పిల్లలు, అర్థంపర్థంలేని కల్పన, చెత్త, చప్పగా ఉంది, ఎందుకు రాశాడో తెలీదు. పక్కన పడేయమని గుర్తు పెట్టేసింది. అక్కడితో కథ ముగియాలి.

చార్ల్స్ మాంటీత్ అనే కుర్ర ఎడిటర్ అప్పుడే ఉద్యోగంలో చేరాడు, అంతకుముందు లాయరు. తిరస్కరించిన కుప్పలోంచి దాన్ని తీసి ఇంటికి పట్టుకెళ్ళాడు. మొదటి పేజీలు ఆయనకూ నచ్చలేదు, కానీ వదలకుండా చదివాడు. దీవి మీదికి పిల్లలు వచ్చాక పుస్తకం పక్కన పెట్టలేకపోయాడు. ఆఫీసులో అందరితో వాదించి ఒప్పించాడు. రచయితకు ఇచ్చిన అడ్వాన్సు 60 పౌన్లు. 1954 సెప్టెంబరు 17న పుస్తకం వచ్చింది.

మాంటీత్ చెప్పిన ఇంకో కబురు. కవి టి. ఎస్. ఎలియట్ అప్పుడు ఫేబర్‌లో డైరెక్టరు. మీవాళ్ళు చిన్నపిల్లల గురించి అసహ్యమైన నవల వేశారటగా అని ఎవరో ఆయనతో అన్నారట. గాభరాపడి ఇంటికి తీసుకెళ్ళి చదివి, నవల చాలా బాగుంది, నీతి విషయంలోనూ వేలెత్తి చూపేదేమీ లేదు అని చెప్పాడట.

ఎడిటర్ ఏమైనా మార్చాడా?

చాలా మార్పించాడు. మొదటి ప్రతిలో కథ అణుయుద్ధంతో, పిల్లల్ని విమానంలో తరలించడంతో మొదలవుతుంది. అదంతా తీయించాడు. ఇప్పుడు అచ్చులో ఉన్న పుస్తకంలో యుద్ధం సంగతి అక్కడక్కడా ఒక మాటగా మాత్రమే వినిపిస్తుంది. సైమన్ అనే అబ్బాయి మరీ ఏసుక్రీస్తులా ఉన్నాడని, ఆ దైవత్వం తగ్గించమన్నాడు. గోల్డింగ్ పట్టుపట్టకుండా కూర్చుని తిరగరాశాడు. నిజానికి రచనాకళ నేర్చుకునే ఎవరైనా గోల్డింగ్ గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఇదేనని నాకనిపిస్తుంది. నలభై దాటినవాడు, ఎన్నో తిరస్కారాలు తిన్నవాడు, కొత్తగా చేరిన ఎడిటర్ మాట విన్నాడు.

ఆ పేరు ఎందుకు?

గోల్డింగ్ పెట్టిన పేరు ‘స్ట్రేంజర్స్ ఫ్రమ్ వితిన్’, అంటే మనలోపలి అపరిచితులు. కథ మొత్తం అట్ట మీదే చెప్పేసినట్టుంది. ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ అన్నది ఫేబర్‌లోనే పనిచేసే అలన్ ప్రింగిల్ సూచన. బైబిల్లో వచ్చే బీల్జిబబ్ అనే హీబ్రూ పేరుకు ఈగల ప్రభువు అని అర్థం. తెలుగులో ‘ఈగల దొర’ అనుకోవచ్చు. కథలో కర్రకు గుచ్చిన పంది తల, దాని చుట్టూ ముసిరే ఈగలు, అదే ఆ దొర.

పిగ్గీ కళ్ళద్దాలతో నిప్పు పుట్టడం సాధ్యమేనా?

నవలలో పిగ్గీ అనే అబ్బాయి కళ్ళద్దాలతో పిల్లలు నిప్పు రాజేస్తారు. నిజంగా అయితే కుదరదు. పదో తరగతి ఫిజిక్స్ గుర్తున్న ఎవరైనా పట్టేస్తారు. పిగ్గీకి ఉన్నది హ్రస్వదృష్టి, ఆ మాట నవలలోనే ఉంది. హ్రస్వదృష్టికి వాడేది పుటాకార కటకం. అది ఎండను ఒకచోటికి చేర్చదు, చెదరగొడుతుంది. కాగితం కాలాలంటే కుంభాకార కటకం కావాలి, అంటే మా తాతగారు పేపరు చదవడానికి పెట్టుకునే అద్దాల్లాంటివి.

ఒకసారి క్లాసులో ఈ అధ్యాయం చదువుతుంటే వెనక బెంచీ కుర్రాడు తన కళ్ళజోడు తీసి కిటికీ దగ్గర ఎండలో పెట్టాడు. మైనస్ నాలుగు పవర్. కాగితం మీద ప్రకాశమైన చుక్క పడలేదు, మధ్యలో మసక నీడ, చుట్టూ వెలుగు వలయం. “కాలట్లేదు సార్” అన్నాడు. క్లాసంతా నవ్వు. సైన్సు మాస్టారి కొడుకు, రెండేళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో సైన్సు చదివినవాడు, ఇంట్లో కెమిస్ట్రీ చదివిన భార్య, అయినా తప్పు దొర్లింది. నవలకు దానివల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు.

కథలో ఆడపిల్లలు ఎందుకు లేరు?

ఆయన్ను చాలామంది అడిగారు. నేను మగపిల్లాడిగా పెరిగాను, ఆడపిల్లగా కాదు కదా అని ఒక జవాబు. ఇద్దరినీ పెడితే కథ ప్రేమల వైపు మళ్ళుతుంది, నాకు కావాల్సింది అది కాదు అని ఇంకోటి. ఏళ్ళ తరబడి మగపిల్లల బళ్ళలో గడిపిన మనిషి అని మూడో జవాబు నేను కలుపుతాను.

నిజంగా పిల్లలు దీవిలో చిక్కుకుంటే అలాగే చేస్తారా?

టోంగా పిల్లల ఉదంతం చూపించి గోల్డింగ్ తప్పన్నట్టు వాదించేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. 1965లో ఆరుగురు టోంగా కుర్రాళ్ళు బడినుంచి పారిపోయి పడవలో కొట్టుకుపోయి ‘అటా’ అనే ఖాళీ దీవికి చేరారు. పదిహేను నెలలకు పైగా కలిసికట్టుగా బతికారు. నిప్పు ఆరకుండా చూసుకున్నారు, వంతులు వేసుకున్నారు, ఒకడి కాలు విరిగితే కట్టు కట్టారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియన్ పడవ కెప్టెన్ వాళ్ళను కాపాడాడు.

మనసుకు హాయినిచ్చే కథ, అబద్ధం కాదు. కానీ వాళ్ళు ఆరుగురు, ముందే స్నేహితులు, సముద్రం తెలిసిన పిల్లలు. గోల్డింగ్ రాసింది చాలామంది ఒకరికొకరు తెలియని పిల్లల గుంపు గురించి, యుద్ధంలో మునిగిన పెద్దల లోకం గురించి. రెండిట్లో ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

ఉద్యోగం ఎప్పుడు మానేశాడు?

1961లో. మొదటి నవల వచ్చిన ఏడేళ్ళ దాకా పాఠాలు చెప్పాడంటే, పేరు వేరు, డబ్బు వేరు అని తెలుస్తుంది. అమెరికాలో చౌక పేపర్‌బ్యాక్ వచ్చి కాలేజీ పిల్లల చేతుల్లో పడ్డాకే చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. మానేశాక ఒక ఏడాది అమెరికాలోని వర్జీనియాలో హాలిన్స్ కాలేజీలో రచయితగా ఉన్నాడు.

మిగతా నవలల్లో ఏది చదవాలి?

ముందు ‘ది ఇన్‌హెరిటర్స్’, 1955. నియాండర్తల్ మనుషుల గుంపు కళ్ళతో చెప్పిన కథ. మనలాంటి కొత్త మనుషులు వచ్చి వాళ్ళను తుడిచిపెట్టేస్తారు, ఏం జరుగుతుందో వాళ్ళకు అర్థం కాదు. బాణం వేస్తుంటే, ఎదుటివాడి చేతిలో కర్ర పొట్టిదై మళ్ళీ పొడుగైందని అనుకుంటాడు లాక్ అనే పాత్ర. విల్లు అన్నది వాడికి తెలియదు. ఈ ఒక్క చోటు కోసమైనా చదవండి. గోల్డింగ్‌కు కూడా తన పుస్తకాల్లో ఇదే ఇష్టం.

తర్వాత ‘ది స్పైర్’, 1964. బిషప్ వర్డ్స్‌వర్త్స్ స్కూలు సాలిస్‌బరీ కెతీడ్రల్ ఆవరణలోనే ఉంది. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తయిన చర్చి శిఖరం అది, 123 మీటర్లు. పునాది మాత్రం చాలా తక్కువ లోతు. బడికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని చూస్తూ, ఈ బరువును ఇంత చిన్న పునాది మీద ఎవడు కట్టమన్నాడు అని ఆలోచించాడు. ఆ పట్టుదలలో ఉన్న భక్తి ఎంత, అహంకారం ఎంత అన్నదే నవల.

‘పించర్ మార్టిన్’ అట్లాంటిక్ మధ్య బండరాయికి అతుక్కున్న నావికుడి కథ. ముగింపు ఎవరినీ అడగకండి. ‘ఫ్రీ ఫాల్’ కష్టంగా ఉంటుంది, తర్వాత చూడొచ్చు.

మధ్యలో రాయడం ఆపేశాడా?

దాదాపుగా. 1967లో ‘ది పిరమిడ్’ తర్వాత, 1979లో ‘డార్క్‌నెస్ విజిబుల్’ దాకా పెద్ద నవల లేదు. 1967లోనే ఇంగ్లిష్ ఛానల్‌లో ఆయన సొంత పడవను ఒక ఓడ ఢీకొట్టింది, ఇంటిల్లిపాదీ ప్రాణాలతో బయటపడ్డారు, పడవ మునిగింది. తాగుడు ఎక్కువైంది. 1971 నుంచి కలలు, రోజువారీ సంగతులు డైరీలో రాయడం మొదలుపెట్టాడు, అది చనిపోయేదాకా సాగింది. నవలలు ఆగినా చెయ్యి ఆగలేదు.

నోబెల్ గొడవ ఏమిటి?

1980లో ఓడ ప్రయాణం మీద రాసిన ‘రైట్స్ ఆఫ్ ప్యాసేజ్’కు బుకర్ వచ్చింది. గట్టి పోటీ ఇంకో నవలాకారుడు ఆంటనీ బర్జెస్ నుంచి. తనకే వస్తుందని ముందుగా చెప్తేనే వేడుకకు వస్తానన్నాడు బర్జెస్, రాలేదు. 1983లో నోబెల్ ప్రకటించినప్పుడు, కమిటీలోని ఆర్తుర్ లుండ్‌క్విస్ట్ బయటికొచ్చి, ఇది ఇంగ్లండ్ వరకే పరిమితమైన చిన్న సంగతి అని పత్రికలతో అనేశాడు. నోబెల్ కమిటీవాళ్ళు ఇలా రచ్చకెక్కడం చాలా అరుదు. ఆ మరుసటేడు వచ్చిన గోల్డింగ్ నవల, ఒక ముసలి రచయిత వెంటపడి వేధించే ప్రొఫెసర్ గురించి. విమర్శకులు ఏకిపారేశారు. 1988లో సర్ బిరుదు వచ్చింది.

భూమికి ‘గయా’ అని పేరు పెట్టింది ఆయనేనా?

ఆ సిద్ధాంతానికి పేరు పెట్టింది ఆయనే. భూమి మొత్తం ఒకే జీవిలా తనను తాను సర్దుకుంటుందని చెప్పిన శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్, గోల్డింగ్ ఇద్దరూ బౌర్‌చాక్ అనే పల్లెలో ఇరుగుపొరుగు. ఒకరోజు పోస్టాఫీసుకు నడుస్తూ లవ్‌లాక్ తన ఆలోచన చెప్తుంటే, ఇంత పెద్ద సంగతికి మంచి పేరుండాలి, ‘గయా’ అను, అన్నాడు గోల్డింగ్. గ్రీకుల భూదేవి పేరు. లవ్‌లాక్‌కు ‘జైర్’ అని, అంటే సుడి అని వినబడింది. చాలాసేపు ఒకరు దేవత గురించి, ఇంకొకరు సముద్రపు సుళ్ళ గురించి మాట్లాడుకుంటూ నడిచారు.

మనిషి ఎలాంటివాడు?

సులువైన మనిషి కాదు. తాగినప్పుడు మరీ కష్టం. భార్యకు తన స్వభావం వివరించడానికి రాసుకున్న, అచ్చువేయని ఆత్మకథలో, పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక అమ్మాయి మీద బలాత్కారానికి ప్రయత్నించానని ఒప్పుకున్నాడు. కేరీ 2009లో దీన్ని బయటపెట్టినప్పుడు పెద్ద దుమారం రేగింది. దీన్ని తేలికచేసి మాట్లాడటం తప్పు, దాచిపెట్టడం ఇంకా తప్పు. చెడు మనలోనే ఉంది అని ఆయన రాసింది లోకాన్ని చూసి మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కూతురు జూడీ రాసిన జ్ఞాపకాల పుస్తకం పేరు ‘ది చిల్డ్రెన్ ఆఫ్ లవర్స్’. ప్రేమికుల పిల్లలు అనాథలు అన్న సామెతలోంచి తీసుకున్నది. అమ్మానాన్నలు ఒకరిలో ఒకరు ఎంత మునిగిపోయేవారంటే, పిల్లలకు మిగిలింది తక్కువ.

చివరి రోజులు?

1985లో మళ్ళీ కార్న్‌వాల్‌కు వెళ్ళిపోయారు. 1993 జూన్ 19న గుండె ఆగి పోయాడు. సమాధి మాత్రం బౌర్‌చాక్ చర్చి ఆవరణలో ఉంది. బల్లమీద ఒక నవల చిత్తుప్రతి మిగిలింది. డెల్ఫీ గుడిలో దేవుడి మాట పలికే పూజారిణి, ముసలిదయ్యాక తన కథ తానే చెప్పుకుంటుంది. 1995లో ‘ది డబుల్ టంగ్’ పేరుతో అచ్చువేశారు. ఆడపిల్లలెందుకు లేరని అన్నేళ్ళు అడిగించుకున్న మనిషి, ఆఖరి పుస్తకం మొత్తం ఒక ఆడమనిషి గొంతుతో రాస్తూ పోయాడు.